అర పగోడా మీద తెలుగు అక్షరాలు చదవాలంటే: ఇంట్లో నాణేల ఫొటోలపై ఒక కేస్ స్టడీ

నేపథ్యం

చెన్నైలో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబం. తండ్రిగారు పోయాక ఆయన ఏళ్ల తరబడి పోగుచేసిన నాణేల పెట్టె పెద్దకొడుకు చేతికి వచ్చింది. ఈయన రిటైరై ఇంటిపట్టున ఉంటున్నారు. చెల్లెలు హైదరాబాదులో, తమ్ముడు అమెరికాలో. పెట్టెను ముగ్గురూ పంచుకోవాలనుకున్నారు. ఎవరికి ఏది కావాలో చూసుకుని చెప్పాలి. తమ్ముడికి ఇప్పట్లో వచ్చే వీలు లేదు. నాణేలనే అక్కడికి పంపుదామంటే చట్టం ఒప్పుకోదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నాణెం పురావస్తువు, దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. కాబట్టి పంపకం మొత్తం ఫొటోలు చూసే జరగాలి. కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు ఇక్కడ తీసేశాను, నాణేల వివరాలు ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

పెట్టెలో ఉన్నవి సుమారు 140. ఎక్కువ భాగం విక్టోరియా నుంచి ఆరో జార్జి దాకా వెండి రూపాయలు. తర్వాత నిజాం చార్మినార్ రూపాయలు, మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్ల 1808 నాటి 10, 20 క్యాష్ (కాసు) రాగి నాణేలు, వెండి పావు పగోడాలు కొన్ని, ఒక అర పగోడా (పగోడా అంటే వరహా). బంగారంలో ఒక స్టార్ పగోడా, గుప్పెడు పణాలు (చిన్న బంగారు నాణేలు). వీటితో పాటు 1969 గాంధీ శతజయంతి పది రూపాయల వెండి నాణెం ఉన్న ప్రూఫ్ సెట్టు (సేకరించేవాళ్ల కోసం అద్దంలా మెరిసేలా కొట్టిన నాణేలు) ఒకటి. అంటే 36 మి.మీ. నుంచి 7 మి.మీ. వరకు, మూడు లోహాలు, అద్దంలా మెరిసేవి మొదలు అరిగి నున్నబడ్డవి దాకా. ఒకే పెట్టెలో ఇంత తేడా ఉండటమే ఈ కేసు రాయడానికి కారణం.

వచ్చిన సమస్య

పెద్దకొడుకు నన్ను అడిగింది ఒకటే: "ఏ మాక్రో లెన్స్ (చిన్న వస్తువులను దగ్గర నుంచి పెద్దవిగా తీసేది) కొనమంటారు?" చేతిలో 24 మెగాపిక్సెల్ డీఎస్ఎల్ఆర్, దానితో వచ్చిన 18–55 లెన్స్ ఉన్నాయి. అప్పటికే పెట్టెలో సగం ఫొటోలు తీసి తమ్ముడికి పంపారు. తమ్ముడి జవాబు: "అన్నయ్యా, గోపురం కనిపిస్తోంది. వెనకాల అక్షరాలు మాత్రం చారల్లా ఉన్నాయి."

అర పగోడాకు ఒక వైపు గోపురం, ఆ గోపురానికి అటూ ఇటూ నక్షత్రాలు, చుట్టూ ఇంగ్లీషు, పారసీ రాత ఉంటాయి. రెండో వైపు మధ్యలో విష్ణువు, చుట్టూ తెలుగు, తమిళ అక్షరాలు. తెలుగింట్లో ఆ నాణెం మీద అందరి కన్నూ పడేది ఆ రెండో వైపే. ఫొటోలో పోయిందీ అదే.

పంపిన ఫొటోలు వరసగా చూస్తే లోపాలు నాలుగు రకాలుగా తేలాయి. అన్నింట్లోనూ కొంచెం మసక. వెండి రూపాయలకు పసుపు ఛాయ. అరిగిన నాణేల్లో రాత మాయం. ప్రూఫ్ నాణెం నల్లగా వచ్చి, దాని నడిమధ్యన కెమెరా ప్రతిబింబం. ఈ నాలుగింటికీ కారణం ఒకటి కాదు. అన్నిటినీ కలిపి "లెన్స్ చాలడం లేదు" అనుకోవడంతోనే దారి తప్పింది.

లెన్స్ చాలుతుందా లేదా అన్నది కొలిచి చెప్పగలిగే విషయం. ఈ కెమెరా సెన్సర్ (లోపల బొమ్మ పడే పలక) ఎత్తు సుమారు 15.6 మి.మీ., దాని మీద 4,000 పిక్సెళ్లు, అంటే మిల్లీమీటరుకు దాదాపు 256. కెమెరాతో వచ్చిన ఆ కిట్ లెన్స్ 55 దగ్గర పెట్టి వీలైనంత దగ్గరికి తెస్తే వస్తువు సైజులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ, 0.36 రెట్లు, సెన్సర్ మీద పడుతుంది. 36 మి.మీ. అర పగోడా సెన్సర్ మీద 13 మి.మీ. అవుతుంది, ఫొటోలో 3,300 పిక్సెళ్లు. ఫోను తెర మీదా, కంప్యూటర్ మీదా, అచ్చులోనూ ఇది చాలినంత కంటే ఎక్కువే. రూపాయికీ ఇబ్బంది లేదు. 7 మి.మీ. పణం మాత్రం 650 పిక్సెళ్ల దగ్గర ఆగిపోతుంది. అంటే మాక్రో లెన్స్ అవసరం పెట్టెలో పిడికెడు నాణేలకే. వాటికి ఒక రోజు అద్దెకు తెస్తే సరిపోతుంది. ముందు ఆ నాలుగు లోపాల సంగతి చూడాలి.

అప్పటికే చేసి చూసినవి, అవి ఎందుకు కుదరలేదు

కెమెరా మీది ఫ్లాష్: నాణెం మధ్యలో తెల్లటి మచ్చ, చుట్టూ చీకటి. చదునైన లోహం ఎదురుగా వచ్చిన వెలుగును ఎదురుగానే తిప్పికొడుతుంది, అంచుల దగ్గర కోణం మారి ఇంకెటో పంపేస్తుంది. కానీ ఈ చెడిపోయిన ఫొటోలే ఒక మంచి ఆధారం ఇచ్చాయి. మచ్చ పక్కన సన్నటి గీతలు పదునుగా కనిపిస్తున్నాయి. ఫ్లాష్ వెలిగేది సెకనులో చాలా చిన్న భాగం, ఆ కాస్త సేపట్లో ఏదీ కదలదు. అదే లెన్స్ ఫ్లాష్ కింద పదునుగా, ల్యాంపు కింద మసకగా తీస్తోందంటే తప్పు గాజుది కాదు, కదలికది.

రింగ్ లైట్: లెన్స్ చుట్టూ వెలుగు ఉంటే నీడలు పడవు, నీడలు లేనిదే ఎత్తుపల్లాలు తెలియవు. పైగా మెరిసే నాణెం మీద తెల్లటి ఉంగరం అచ్చుపడుతుంది.

పోలరైజింగ్ ఫిల్టర్: మెరుపు తగ్గుతుందని దుకాణంలో చెప్తే కొన్నారు. గాజు, నీళ్లు, ప్లాస్టిక్ మీది మెరుపుకు అది పనికొస్తుంది. లోహం మీది మెరుపుకు కాదు, ఎందుకంటే లోహం నుంచి తిరిగొచ్చే కాంతి ఆ రకంగా పోలరైజ్ కాదు. ప్లాస్టిక్ కవర్లో ఉన్న నాణెం తీస్తే ఫిల్టరు పనిచేస్తున్నట్టే ఉంటుంది, అణిగేది కవరు మెరుపు మాత్రమే.

తెల్లగుడ్డ లైట్ టెంట్: నగలకు బాగుంటుంది. నాణేనికి మాత్రం అన్ని వైపుల నుంచీ సమంగా వెలుగు పడి, టంకశాలలో పుట్టిన మెరుపు చచ్చి, సీసం బిళ్ళలా వస్తుంది.

ఫ్లాట్‌బెడ్ స్కానర్: రాత కొంత దొరికింది, కానీ వెలుగు ఎటు నుంచి పడాలో మన చేతిలో ఉండదు. గాజు మీద నాణేన్ని జరిపితే గీతలు పడే ప్రమాదం వేరే.

ఇవి కాక ఒకటుంది, దాన్ని వెంటనే ఆపించాల్సి వచ్చింది. నల్లబడ్డ వెండి రూపాయలు కొన్నింటిని విభూతితోనూ, రాగి నాణేలను చింతపండుతోనూ ఇంట్లో తోమారు. పూజ సామాను తళతళలాడాలి కానీ నాణెం విలువ దాని పాత చర్మంలో ఉంటుంది. విభూతి సన్నటి గీతలు పెడుతుంది, చింతపండు పులుపు రాగి మీది గోధుమ పొరను తినేసి గులాబి రంగు తేలుస్తుంది. పోయింది మళ్ళీ రాదు. వీటిని ఫొటోలో ఎలా చూపాలన్నది తర్వాత తేలాల్సిన విషయంగా పక్కన పెట్టాం.

మసక

కెమెరా నేల మీద నిలబెట్టిన ట్రైపాడ్ మీద, నాణెం భోజనాల బల్ల మీద. పైన సీలింగ్ ఫ్యాను. బల్ల వణికితే నాణెం కదులుతుంది, కెమెరా కదలదు. ల్యాంపు వెలుగులో షట్టర్ 1/10 సెకను దగ్గర ఉంది. డీఎస్ఎల్ఆర్ లోపలి అద్దం పైకి లేచేటప్పుడు తగిలే కుదుపు బాగా కనిపించేది సరిగ్గా ఈ వేగాల దగ్గరే. షట్టర్ వేగం పెంచడానికి ఐఎస్ఓ (కెమెరా వెలుగు పట్టే తీవ్రత) 1600 పెడదామా అన్నది మొదట వచ్చిన ఆలోచన. వద్దనుకున్నాం. ఫొటోలో చుక్కల్లాంటి గింజలు పెరిగితే సన్నగీతలూ, అరిగిన అక్షరాల చివరలూ వాటిలో కలిసిపోతాయి, తీస్తున్నది వాటి కోసమే కదా. నాణెం ఎక్కడికీ పారిపోదు. కదలిక ఆపడమే తేలిక.

బల్ల వదిలేసి నేల మీదికి దిగాం. ట్రైపాడ్ మధ్య కడ్డీని తలకిందులుగా బిగిస్తే కెమెరా కాళ్ల మధ్య కిందికి వేలాడుతుంది. దాని కింద ఒక చెక్క పీట, పీట మీద నాణెం. ఫ్లాట్ నేల భోజనాల బల్ల కంటే చాలా గట్టి. ఫ్యాను ఆపేశాం, ఏసీ వేసుకున్నాం. ఏసీ గాలి నేరుగా ట్రైపాడ్‌కు తగలకుండా రెక్కలు పైకి తిప్పాం. లైవ్ వ్యూలో (బొమ్మను కెమెరా తెర మీద చూసే పద్ధతిలో) పెడితే అద్దం ముందే లేచి ఉంటుంది. దానికి తోడు పది సెకన్ల టైమర్. మీట నొక్కాక మనిషి కూడా కదలకూడదు, పాత ఫ్లాట్లలో పక్కన అడుగు వేసినా తెలుస్తుంది.

నాణెం తలమూ సెన్సర్ తలమూ సమాంతరంగా ఉండటం రెండో సగం. 36 మి.మీ. నాణెం రెండు డిగ్రీలు వంగి ఉంటే ఒక అంచుకూ ఇంకో అంచుకూ ఎత్తులో ఒకటింపావు మిల్లీమీటరు తేడా వస్తుంది. ఇది నాణెం మీది బొమ్మ ఎత్తు కంటే ఎక్కువ. బబుల్ లెవెల్‌ను నమ్మడం కంటే అద్దం నయం. నాణెం పెట్టే చోట చిన్న చేతి అద్దం పడుకోబెట్టి, లైవ్ వ్యూలో చూస్తూ, లెన్స్ ప్రతిబింబం సరిగ్గా తెర మధ్యకు వచ్చేదాకా ట్రైపాడ్ తల సర్దాలి. ఇది చేశాక ఎఫ్/8 (లెన్స్ రంధ్రం కొలత, అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది) చాలింది. ఎఫ్/22కి మూస్తే పదునుండే లోతు పెరుగుతుంది, కానీ మొత్తం పదును తగ్గుతుంది. దగ్గరి ఫొటోల్లో లెన్స్ మీద రాసిన అంకె కంటే అసలు రంధ్రం ఇంకా చిన్నదిగా పనిచేస్తుంది, ఆ సందులోంచి వచ్చేటప్పుడు కాంతి చెదిరి చిత్రమంతా మెత్తబడుతుంది.

పసుపు

వైట్ బ్యాలెన్స్ (కెమెరాలో రంగుల సర్దుబాటు) తప్పని అందరూ అనుకుంటారు. నాణెం పక్కనే గ్రే కార్డు (రంగు సరిచూసే బూడిద రంగు అట్ట) పెట్టి తీస్తే కార్డు సరిగ్గా బూడిద రంగులోనే వచ్చింది, రూపాయి మాత్రం పసుపే. అంటే కెమెరా రంగు సరిగానే చదువుతోంది. పసుపు నిజంగానే నాణెం మీద ఉంది. బల్ల మీద పడుకున్న వెండి బిళ్ళ తనకు ఎదురుగా ఉన్నదాన్ని చూపిస్తుంది, ఎదురుగా ఉన్నది మీగడ రంగు సున్నం వేసిన సీలింగు. ఆయన వంగి చూసినప్పుడల్లా చొక్కా రంగు కూడా చేరేది.

లెన్స్ చుట్టూ నల్ల చార్టు ముక్క తొడిగాం, మధ్యలో లెన్స్ పట్టేంత రంధ్రంతో, అడుగున్నర వెడల్పున. వెంటనే పసుపు పోయింది. తెల్ల చార్టుతో కూడా చూశాం. రంగు సరిగానే ఉంది కానీ నాణెం మొహం చప్పబడింది, చదునైన భాగాలు బొమ్మతో పాటే తెల్లబడిపోయాయి. నలుపే ఉంచాం. తీసేవాళ్లు ముదురు రంగు బట్టలు కట్టుకుంటే మంచిది.

కిటికీ మూసేయడం, ట్యూబ్‌లైట్ ఆర్పేయడం తప్పనిసరి. మూడు రకాల వెలుగు కలిస్తే ఏ కార్డూ సరిచేయలేదు. చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దొరికే రిచ్చీ స్ట్రీట్‌లో రెండు 9 వాట్ల ఎల్ఈడీ బల్బులు తెప్పించాం. డబ్బా మీద సీఆర్ఐ (రంగులను ఎంత నిజంగా చూపుతుందో చెప్పే అంకె) 90 లేదా అంతకంటే ఎక్కువ అని ఉండాలన్నదే షరతు, లేకపోతే రాగి రంగు సరిగా రాదు. మెడ వంగే టేబుల్ ల్యాంపులు ఇంట్లోవే. మన కరెంటుకు చవక ఎల్ఈడీలు సెకనుకు వందసార్లు మినుకుతాయి, కాబట్టి షట్టర్ 1/10, 1/20, 1/25, 1/50 వంటి వాటిలో ఉంచితే ఫొటోలో పట్టీలు పడవు. ఐఎస్ఓ 100, రా ఫైలు (కెమెరా కుదించని ముడి ఫైలు), ఎక్స్‌పోజర్ మాన్యువల్. నాణెం కింద కాగితం తెల్లదైతే ఆటో ఎక్స్‌పోజర్ నాణేన్ని నల్లగా చేస్తుంది, నల్లదైతే తెల్లగా కాల్చేస్తుంది.

నాణెం నేరుగా కాగితం మీద పెట్టలేదు. పాత మందు సీసా మూత మీద ఫెల్టు ముక్క అతికించి, దాని మీద నిలిపాం. నేపథ్యం కిందికి పోయి మసకబారుతుంది, నాణెం నీడ ఫ్రేములో పడదు. మూత నాణెం కంటే చిన్నది కావాలి. రబ్బరు ముక్కలు వాడొద్దు, రబ్బరులోని గంధకం వెండిని నలుపు చేస్తుంది.

ఏ నాణెం ఏం చూపాలి

స్థిరత్వం, రంగు కుదిరాక రెండు బల్బులనూ గడియారంలో పది, రెండు అంకెల దగ్గర, పీట నుంచి 60–70 డిగ్రీల ఎత్తులో, అడ్డం ఏమీ లేకుండా పెట్టి మొత్తం పెట్టె తీసేద్దామనుకున్నాం. రూపాయలకు ఇది అద్భుతంగా కుదిరింది. అచ్చు కొట్టినప్పుడు లోహం మధ్య నుంచి అంచుకు పాకిన సన్నటి చారలే నాణేనికి మెరుపు. చిన్న వెలుగు ఎత్తు నుంచి పడితే అవి ఆకుల్లా విచ్చుకుంటాయి. అదే ఏర్పాటు కింద అర పగోడా ఏ మాత్రం మెరుగుపడలేదు, ప్రూఫ్ నాణెం మునుపటికంటే పాడైంది.

ఇక్కడే పని పద్ధతి మారింది. నాణేలను రాజుల వారీగా కాక, ఫొటో ఏ ప్రశ్నకు జవాబివ్వాలో దాన్నిబట్టి వేరుచేశాం. పక్కన కాగితం మీద ప్రతి నాణేనికీ ఒక మాట రాసుకున్నారు: మెరుపు, రాత, గుర్తు, అద్దం. ఒకే వెలుగు రాతనూ మెరుపునూ రెంటినీ చూపదు. మెరుపుకు ఎత్తు కావాలి, రాతకు పల్లం కావాలి.

*రాత.* అర పగోడాకూ పావు పగోడాలకూ ఒకే బల్బు, 25 డిగ్రీల ఎత్తున, దాదాపు నేలను రాసుకుంటూ. అరిగిన అక్షరం కొద్దిగానైనా పైకి ఉంటుంది, పక్క నుంచి వచ్చే వెలుగు దానికి పొడుగు నీడ ఇస్తుంది. విష్ణువు తల పక్కన అక్షరాలు వెంటనే లేచాయి. కానీ పక్కల్లో ఉన్నవి అప్పటికీ సగం సగమే. కారణం గీత దిశ. వెలుగుకు అడ్డంగా ఉన్న గీత నీడ వేస్తుంది, వెలుగు వెంబడే సాగే గీత వేయదు. తెలుగు అక్షరమంతా గుండ్రాలే, కాబట్టి ఒక దిక్కు వెలుగు ఏ అక్షరాన్నైనా సగమే చూపుతుంది. పై పెచ్చు అక్షరాలు నాణెం చుట్టూ వంపు తిరిగి ఉన్నాయి.

నాణేన్ని తిప్పుదామన్నారు. తిప్పలేదు. నాణెమూ కెమెరా కదలకుండా, బల్బును మాత్రం గడియారంలో పన్నెండు నుంచి ఒకటిన్నర, మూడు, నాలుగున్నర అలా ఎనిమిది చోట్లకు జరుపుతూ ఎనిమిది ఫొటోలు తీశాం. చట్రం మారదు కనుక ఫోనులో ఒకదాని తర్వాత ఒకటి వేలితో జరిపితే నీడలు చుట్టూ తిరిగి, అక్షరం పూర్తి వంపు కంటికి అందుతుంది. మ్యూజియంలు దీన్నే ఇంకా పెద్ద ఎత్తున చేస్తాయి, రిఫ్లెక్టెన్స్ ట్రాన్స్‌ఫర్మేషన్ ఇమేజింగ్ అంటారు. పొట్టిగా ఆర్టీఐ, సమాచార హక్కుతో సంబంధం లేదు లెండి. ఇంట్లో ఎనిమిది ఫొటోలు చాలు. ఆరు దగ్గర నుంచి, అంటే కింది నుంచి, వెలుగు పడినప్పుడు ఉబ్బు గుంటలాగా కనిపిస్తుంది. వెలుగు పైనుంచే వస్తుందని కన్ను అనుకుంటుంది కాబట్టి. ఆ ఫొటో చదవడానికి వాడొచ్చు, పట్టికలో మొదటి బొమ్మగా పెట్టకూడదు.

20 క్యాష్ రాగి నాణేలకూ ఇదే పల్లపు వెలుగు, కానీ బల్బు ముందు ట్రేసింగ్ పేపర్. ముదురు రాగి మీద అడ్డం లేని బల్బు చిన్న చిన్న చుక్కలుగా మెరిసి రాతను చెడగొడుతుంది. వీటిలో కొన్నింటి మీద పొడిపొడిగా లేత ఆకుపచ్చ పట్టింది. సముద్రపు గాలిలోని ఉప్పు రాగిలో చేరితే ఇలా మొదలై లోపలికి తింటూ పోతుంది. వాటిని విడిగా తీసి, ఉన్నదున్నట్టు ఫొటో తీసి, వేరే పొడి డబ్బాలో పెట్టించాం.

*గుర్తు.* చార్మినార్ రూపాయి ఏ నిజాందో గుమ్మం లోపలి అక్షరం చెబుతుంది: మీమ్ (పారసీ లిపిలో మహబూబ్ పేరు మొదటి అక్షరం) ఉంటే మహబూబ్ అలీ ఖాన్, ఐన్ (ఉస్మాన్ పేరు మొదటి అక్షరం) ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్. గుమ్మం చిన్న గుంట, దానిలోకి 25 డిగ్రీల వెలుగు దిగదు, కమాను నీడే నింపేస్తుంది. ఇక్కడ బల్బు 50 డిగ్రీలకు లేపి, గుమ్మం ఎదురుగా ఆరు వైపు ఒక చిన్న తెల్ల కార్డు నిలబెట్టి వెలుగు లోపలికి విసిరాం. ఐదో జార్జి 1911 రూపాయిది ఇంకో రకం చిక్కు. రాజు అంగీ మీది ఏనుగు పందిలా ఉందన్న గోలతో మరుసటి ఏడు అచ్చు మార్చారు. అందుకే దాన్ని పంది రూపాయి అంటారు. తేడా తొండం దగ్గర. తొండానికి అడ్డంగా వెలుగు పడేలా బల్బును కొద్ది కొద్దిగా జరుపుతూ లైవ్ వ్యూలో పదింతలు పెద్దది చేసి చూడటం తప్ప వేరే సూత్రం లేదు.

*అద్దం.* ప్రూఫ్ నాణేనికి లెన్స్ దిశలోనే వెలుగు పంపాలి, అదీ లెన్స్ అడ్డం రాకుండా. ఫొటో ఫ్రేముల దుకాణంలో 2 మి.మీ. గాజు పలక, అరచేయంత, అంచులు అరగదీయించి తెచ్చారు. దాన్ని లెన్స్‌కూ నాణేనికీ మధ్య 45 డిగ్రీల వాలులో రెండు పుస్తకాల మధ్య ఇరికించాం. బల్బు పక్క నుంచి అడ్డంగా గాజుకు తగులుతుంది. గాజు అందులో పదో వంతు దాకా తిప్పి నాణెం మీదికి నిట్టనిలువుగా దించుతుంది, మెరుపు తిరిగి గాజు గుండా లెన్స్‌కు చేరుతుంది. రెండు అడ్డాలు తప్పనిసరి: బల్బు వెలుగు సూటిగా నాణేనికి తగలకుండా ఒక కార్డు, బల్బుకు ఎదురు గోడ వైపు ఒక నల్ల కార్డు. రెండోది మరిచిపోతే గది అంతా గాజులో ప్రతిఫలించి ఫొటో మీద పాలపొర కప్పుతుంది. వెలుగు ఎక్కువ పోతుంది కాబట్టి షట్టర్ ఒక సెకను దాకా వెళ్లింది. ఇంతకుముందు కదలిక ఆపిన ఫలం ఇక్కడ దక్కింది.

అయితే ఈ పద్ధతిలో అద్దం లాంటి చదును తెల్లగా, గాంధీ బొమ్మ ముదురుగా వస్తుంది. చేతిలో పట్టుకున్నప్పుడు ప్రూఫ్ అలా ఉండదు, నల్లటి చదును మీద తెల్ల బొమ్మ కనిపిస్తుంది. అందుకని రెండోసారి గాజు తీసేసి, నల్ల చార్టు ఉంచి, రెండు బల్బులు 45 డిగ్రీల దగ్గర పెట్టి ఇంకో ఫొటో తీశాం. చార్టు రంధ్రం చిన్నదైతే లెన్స్ అంచు మీది తెల్ల అంకెలు ప్రతిబింబించవు. మొదటి ఫొటో గీతలు, మచ్చలు వెతకడానికి. రెండోది నాణెం ఎలా ఉంటుందో చూడటానికి.

బంగారం

అద్దె మాక్రో లెన్స్ 90 మి.మీ. పొడుగు లెన్స్ ఎంచుకున్నది దూరం కోసం. కిట్ లెన్స్‌కు ఎక్స్‌టెన్షన్ ట్యూబులు (లెన్స్‌కూ కెమెరాకూ మధ్య బిగించే ఖాళీ గొట్టాలు) తగిలించినా అంత పెద్దది చేయొచ్చు, కానీ లెన్స్ పణం మీదికి వచ్చి కూర్చుంటుంది, బల్బుకు చోటు ఉండదు. అసలు సైజులో తీసేటప్పుడు ఎఫ్/5.6 దాటలేదు. పదును మూడో వంతు మిల్లీమీటరు లోతు కూడా ఉండదు, అందువల్ల ఉబ్బిన పణానికి పైనుంచి కిందికి ఫోకస్ కొద్ది కొద్దిగా దించుతూ అయిదారు ఫొటోలు తీసి కంప్యూటర్లో కలిపాం. పణం బరువు గ్రాములో మూడో వంతు. ఏసీ గాలికి కాదు, ఊపిరికే కదులుతుంది. ఆ పూట ఏసీ కూడా ఆపాల్సి వచ్చింది. అప్పుడు చెమట. వేళ్ల తడి రాగిని మరక చేస్తుంది కానీ బంగారానికి ఏమీ కాదు, అయినా జారి పీట సందులో పడితే వెతకడం పెద్ద పని, కింద దుప్పటి పరిచాం.

స్టార్ పగోడా ఒక వైపంతా గింజలు గింజలుగా ఉండి మధ్యలో నక్షత్రం ఉంటుంది. అడ్డం లేని బల్బు కింద ప్రతి గింజా ఒక మెరుపు చుక్కై నక్షత్రం అందులో కలిసిపోయింది. నాణేనికి నాలుగంగుళాల దూరంలో ట్రేసింగ్ పేపర్ నిలబెట్టాక గింజలు గుండ్రంగా కుదిరాయి. కాగితం బల్బుకు అతికిస్తే లాభం లేదు, నాణేనికి దగ్గరగా ఉంటేనే అది పెద్ద వెలుగవుతుంది.

తోమిన నాణేలు

ట్రేసింగ్ పేపర్ వెనక నుంచి వెలుగు ఇచ్చి తీస్తే విభూతి గీతలు కనపడవు, రూపాయి కొత్తదానిలా ఉంటుంది. ఆ ఫొటో తమ్ముడికి పంపొచ్చా? పంపకూడదని ఆయనే అన్నారు. మామూలు ఫొటోతో పాటు అడ్డం లేని బల్బు 30 డిగ్రీల దగ్గర పెట్టి గీతలు బయటపడేలా ఇంకొకటి తీసి, పేరులో "తోమినది" అని చేర్చాం. అమ్మకానికి ఫొటోలు తీసేవాళ్లు ఈ నిర్ణయం ఇంత తేలిగ్గా తీసుకోరు. అన్నదమ్ముల పంపకంలో వేరే దారి లేదు.

పంపడం

మొదటి విడత ఫొటోలు చెడడంలో వాట్సాప్ వాటా కూడా ఉంది. బొమ్మగా పంపితే అది కుదించి పంపుతుంది, ముందు పోయేది సన్నటి రాతే. డాక్యుమెంటుగా పంపితే ఫైలు ఉన్నది ఉన్నట్టు చేరుతుంది. పేర్లు వరస సంఖ్యతో: 14-బొమ్మ, 14-బొరుసు, 14-అంచు. పక్కన 0.01 గ్రాము వరకు తూచిన బరువు, ప్లాస్టిక్ వెర్నియర్‌తో కొలిచిన అడ్డుకొలత. ఇనుప వెర్నియర్ అంచు మీద గీత పెడుతుంది. బ్రిటిష్ రూపాయి 11.66 గ్రాములు, నిజాం రూపాయి 11.18 దగ్గర ఉండాలి. బాగా తక్కువైతే అరుగుదలా, నకిలీయా అని అనుమానించాలి. బంగారం మేలిమి ఫొటోతో తేలదు, కాబట్టి పణాల విషయం కంసాలి చూశాకే మాట్లాడుకోవాలని ముగ్గురూ అనుకున్నారు.

అర పగోడా ఎనిమిది ఫొటోలు అందిన రాత్రే తమ్ముడు తెలుగు వైపు చదివి పంపాడు. తమిళం వైపు ఇక్కడి పొరుగాయన చదివారు.

తర్వాతి కేసుల్లో పాటిస్తున్నవి

ఎవరైనా లెన్స్ గురించి అడిగితే ముందు వాళ్ల పాత ఫ్లాష్ ఫొటో ఒకటి చూపమంటాను. అది పదునుగా ఉంటే లెన్స్ మాట పక్కకు పోతుంది. రంగు గురించి అడిగితే గ్రే కార్డు నాణెం పక్కన పెట్టి తీయమంటాను. కార్డు సరిగ్గా ఉండి నాణెం ఒక్కటే రంగు మారితే సీలింగు వైపు చూడాలి. నాణేలను సైజు, మందం వారీగా వేరుచేసుకుంటే ఒక్కో గుంపుకు ఫోకస్ ఒకసారే పెట్టుకోవచ్చు. అన్నిటి బొమ్మ వైపు ముందు, తర్వాత అన్నిటి బొరుసు. సీలు వేసిన ప్లాస్టిక్ డబ్బాల్లోని నాణేలకు గాజు పలక పద్ధతి పనికిరాదు, డబ్బా కూడా అదే దిశలో మెరుస్తుంది. వాటికి వెలుగు పక్కకు జరపాలి, పోలరైజింగ్ ఫిల్టరు కాస్త ఉపయోగపడేది అక్కడే.

అరుదైన తేదీలున్న వాటికి ఎనిమిది దిక్కుల ఫొటోలు ఇప్పుడు మామూలు పనిలో భాగం. ఆ పెట్టెలోనే 1939 తేదీ ఉన్న ఆరో జార్జి రూపాయి ఒకటుంది. ఆ తేదీ అరుదు, అందువల్ల చివరి అంకె దిద్దిన నకిలీలు తిరుగుతుంటాయి. బరువు సరిపోయింది, అంచు సరిగానే ఉంది. అసలు నాణేన్నే దిద్దితే ఈ రెండూ సరిగ్గానే ఉంటాయి మరి. ఎత్తు వెలుగులో తేదీ శుభ్రంగా ఉంది. బల్బు తొమ్మిది వైపుకు, పల్లానికి వచ్చినప్పుడు 9 చుట్టూ ఉన్న చదును మిగతా చదునులా నున్నగా లేదు. అంకె కిందుగా సూదితో గీకినట్టు నాలుగైదు అడ్డగీతలు, అవి అంకె దగ్గరే మొదలై అక్కడే ఆగిపోయాయి. ఆ ఫొటోను విడిగా పెద్దది చేసి మిగతా ఇద్దరికీ పంపారు. పట్టికలో దాని పక్కన "తేదీ దిద్దినట్టుంది" అని రాసి, వెండి ధరకు లెక్కగట్టారు.